గుమ్మంలో నీలం బకెట్టు

చిన్నకోడలి టిఫిన్ డబ్బా వెళ్ళి వీధిలో పడింది. మూత ఒకవైపు, డబ్బా ఒకవైపు దొర్లుకుంటూ పోయాయి.

విసిరింది తోటికోడలు. మూడు రోజులుగా ఆసుపత్రిలో కూతురి మంచం పట్టుకుని కూర్చుని, మార్చుకునే బట్టల కోసం ఓ గంట ఇంటికొచ్చిన మనిషి. వంటింట్లో అడుగు పెట్టగానే ఆమె కళ్ళు గిన్నెల బుట్ట మీద పడ్డాయి. బుజ్జి స్కూలు డబ్బాని ఆనుకుని, పిన్ని ఆఫీసు డబ్బా బోర్లించి ఉంది.

"నీ డబ్బా నా కూతురి డబ్బా పక్కన పెట్టొద్దని చెప్పానా లేదా?"

చిన్నకోడలు బుట్టలో మిగిలిన గిన్నెలు సర్దింది. మూడు రోజులుగా కంటిమీద కునుకు లేని తల్లితో వాదించి గెలిచి, ఆ గెలుపు ఎక్కడ పెట్టుకోవాలి?

"రోజంతా ఊరి మురుగులో చేతులు పెట్టి వస్తావు. అదే చేత్తో నా పిల్లకి జడలేస్తావు. క్రిములు ఇంకెక్కణ్ణుంచి వస్తాయి, ఆకాశంలోంచి ఊడిపడతాయా?"

"అక్కా, ఆ స్కూల్లో పదకొండు మంది పిల్లలు జబ్బుపడ్డారు. అందరికీ జడలు నేనే వేశానా?"

మెల్లగానే అంది. కానీ అనకుండా ఉండాల్సింది. తోటికోడలు సంచీలో బట్టలు కుక్కుకుని, వెళ్తూ వెళ్తూ ఒక్క మాట అంది: బుజ్జిని ఈ సాయంత్రం ఇంటికి పంపినా పంపుతారట, పిల్ల వచ్చేసరికి పిన్ని ముందుగదిలోకి రాకుండా ఉంటే చాలట.

ఆరేళ్ళ బుజ్జికి వాంతులు, విరేచనాలు మొదలైన రోజునుంచీ ఇంట్లో తీర్పు అయిపోయింది. చిన్నకోడలు మురుగు శుద్ధి కేంద్రంలో ల్యాబులో పని చేస్తుంది. తొమ్మిదేళ్ళ సర్వీసు. అక్కడ అందరికీ 'ల్యాబమ్మ'. ఇంట్లో మాత్రం ఆమె వెళ్ళేది 'మురుగు ఫ్యాక్టరీ'కి. ఊరి రోగమంతా ఎక్కడికి పోతుందో అక్కడికి రోజూ వెళ్ళొచ్చే మనిషి ఇంట్లో ఉండగా, దొంగ కోసం వేరే వీధి వెతుక్కోవడమెందుకు?

అత్తగారు అయితే నోటితో ఏమీ అనలేదు. ఆవిడ మాట్లాడేది బకెట్టుతో.

గుమ్మం పక్కన క్రిములు చంపే నీలం రంగు మందు నీళ్ళ బకెట్టు ఎప్పుడూ ఉంటుంది. సాయంత్రం చిన్నకోడలు పని నుంచి రాగానే మోచేతుల దాకా అందులో ముంచి, అరవై లెక్కపెట్టి, అప్పుడు లోపలికి రావాలి. పెళ్ళయిన ఎనిమిదేళ్ళుగా ఇదే ఆచారం. బుజ్జి పడినప్పటి నుంచి నూట ఇరవై అయింది. ఆ వాసన చేతుల్ని వదలదు. అన్నం ముద్దలోనూ అదే, దిండు మీదా అదే.

ఆమె ఎన్నడూ కాదనలేదు. అత్తగారికి మధ్య కూతురొకతె ఉండేది. నాలుగేళ్ళ పిల్ల. పొద్దున ఆడుకుంటూ ఉండగా విరేచనాలు పట్టుకుని, పొద్దుగూకేసరికి పోయింది. అప్పట్లో ఆవిడ ఇళ్ళిళ్ళూ తిరిగి బట్టలుతికేది. ఆ రోజు నుంచి ఆవిడకి లోకంలో ఒకే ఒక్క శత్రువు, కంటికి కనిపించని క్రిమి. రెండు తొట్లతో మొదలుపెట్టిన లాండ్రీ ఇవాళ ఇంటి వెనక ఆరు మిషన్ల షెడ్డయింది. పదిహేను రోజుల క్రితం ఆసుపత్రి దుప్పట్ల పని కూడా వచ్చింది. అయినా ఆవిడ యుద్ధం అవలేదు.

వీధిలో పడ్డ డబ్బాని చిన్నకోడలి మొగుడు తీసుకొచ్చాడు. లాండ్రీ చూసుకునేది అతనే. ఇంత గొడవ జరుగుతుంటే తలుపు దగ్గర స్తంభంలా నిలబడి విన్నవాడు, డబ్బాని మాత్రం తన చొక్కా అంచుతో తుడిచి, మూత బిగించి, ఆమె సంచీలో పెట్టాడు.

"వెళ్ళు. ఆలస్యమవుతోంది," అన్నాడు.

అతని గోళ్ళలో నీలం. లాండ్రీ వాడి గోళ్ళు నీలంగా ఉండక ఇంకెలా ఉంటాయనుకుని ఆమె బస్సుకి పరుగెత్తింది.

• • •

శుద్ధి కేంద్రంలో పెద్ద తొట్టి ఒడ్డున, అందరూ బురద డాక్టరు అని పిలిచే ముసలాయన ముక్కు ఎగరేసి గాలి పీలుస్తున్నాడు.

ముప్ఫై నాలుగేళ్ళుగా పంపులు, గేట్లు చూసుకునే ఆపరేటరు. మీటరు చెప్పకముందే ఆయన ముక్కు చెబుతుంది. తొట్టి బాగుంటే తొలకరి వానకి తడిసిన నేల వాసన వస్తుంది. పన్నెండు రోజులుగా ఆ వాసన లేదు.

"ఏంటి బాబాయ్ కబురు?" అని అడిగింది ల్యాబమ్మ.

"కబురేముందమ్మాయ్. చావు కబురే. చల్లగా చెప్పమంటావా, వేడిగా చెప్పమంటావా?"

నీటి మీద తెల్లటి నురుగు దుప్పటిలా కప్పేసింది. కింద నీళ్ళు గోధుమరంగులో ఉండాల్సింది పోయి బూడిదరంగుకి తిరిగాయి.

ఊరివాళ్ళకి ఇది మురుగు గుంట. ఆమెకి పెంపుడు మంద. ఈ తొట్టిలో కోట్ల కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. ఊరు వదిలేసిన మలినాన్ని అవి తింటాయి. తిని, ఒకదానికొకటి అతుక్కుని, ముద్దలై అడుగుకి దిగుతాయి. పైన తేట నీళ్ళు మిగులుతాయి. ఆ తేట చివరి అరలో అతినీలలోహిత దీపాల ముందు నుంచి పోయి ఏట్లో కలుస్తుంది. రోగం తెచ్చే క్రిములు మిగిలుంటే ఆ వెలుగుకి చస్తాయి. కానీ నీళ్ళు తేటగా ఉంటేనే వెలుగు లోపలికి పోయేది. మడ్డి నీళ్ళయితే ఆ మడ్డి నీడలోనే క్రిములు దాక్కుని, దర్జాగా దాటుకుని వెళ్ళిపోతాయి. కిందికి పోతే అరమైలులో స్కూలు. స్కూలు వెనక రేవు. ఎండాకాలం, మోకాలి లోతు నీళ్ళు, పిల్లలు.

పన్నెండు రోజులుగా దాటుకుంటున్నాయి.

ఆమె ఒక చుక్క గాజుపలక మీద వేసి సూక్ష్మదర్శినిలోకి వంగింది. తొట్టి ఆరోగ్యం చెప్పేవి 'గంటలు'. సన్నటి కాడ మీద బోర్లించిన గంటలా ఉండే జీవి. ముట్టుకుంటే కాడ స్ప్రింగులా చుట్టుకుపోతుంది, మళ్ళీ సాగుతుంది. నోటి చుట్టూ వెంట్రుకలు ఆడిస్తూ నీళ్ళలో తేలే క్రిముల్ని గుటకాయస్వాహా చేస్తుంది. మంచి రోజుల్లో ఒక్క చుక్కలో డజను కనిపించేవి. ఇవాళ రెండు కనిపించాయి. రెండూ కాడలు తెగి, ముడుచుకుని, రాయిలా పడున్నాయి.

సూపర్వైజరు అప్పటికే తన రిపోర్టు రాసేసుకున్నాడు. గాలి పంపు రాత్రిళ్ళు ఆపేసి ఆపరేటరు నిద్రపోయాడట, అందుకే జీవులు ఊపిరాడక చచ్చాయట. రెండు నెలల్లో రిటైరయ్యే ముసలాయన మీద తోసేస్తే అడిగేవాడెవడు? ఆ కాగితం సాయంత్రం అయిదుకి కాలుష్య నియంత్రణ బోర్డుకి పోతుంది.

ఉన్న ఆశ ఒక్కటే. పక్క ఊరి కేంద్రం వాళ్ళు ఒక ట్యాంకరు బతికున్న బురద ఇస్తామన్నారు. పాలల్లో తోడు వేసినట్టు ఈ తొట్టిలో వేస్తే మూడు నాలుగు రోజుల్లో మంద మళ్ళీ పెరుగుతుంది. మధ్యాహ్నం రెండింటికి వస్తుంది. ఒక్కసారే ఇస్తాం, మా తొట్టిని ఎండగట్టుకోలేం కదా అని ముందే చెప్పారు.

"తోడు వేయొచ్చమ్మాయ్," అన్నాడు బురద డాక్టరు. "కానీ గిన్నెలో విషం ఉంటే ఎన్నిసార్లు తోడేసినా ఏం లాభం?"

అది ఆమెకీ తెలుసు. ఏ విషమో తెలియడం లేదు. అన్ని పరీక్షలూ చేసింది, అన్నీ సున్నాలే. నురుగు నీళ్ళ గాజు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఎక్కడో పీల్చిన వాసన. మొహం మీద పడ్డ జుట్టు తోసుకోబోయి చెయ్యి పైకెత్తింది.

చెయ్యి సగంలో ఆగిపోయింది.

గ్లాసు వాసన చూసింది. చెయ్యి వాసన చూసింది. మళ్ళీ గ్లాసు.

రెండూ ఒకటే.

• • •

నీలం మందు ఎంత గాఢంగా ఉందో చూసే కాగితం పట్టీలు లాండ్రీ అల్మారాలో ఉంటాయి. శుద్ధి కేంద్రంలో లేవు. ఇళ్ళ మురుగులో అంత మందు వస్తుందని ఎవరు కలగన్నారు?

చిన్నకోడలు నాలుగు సీసాలు షెడ్డులో బల్ల మీద వరసగా పెట్టింది. ఒకటి కేంద్రంలోకి వచ్చే మురుగు. ఒకటి పెద్ద రోడ్డు మ్యాన్‌హోల్ లోది. ఒకటి తమ ఇంటికి కిందనున్న మ్యాన్‌హోల్ లోది. చివరిది తమ ఇంటికి పైనున్న దానిలోది. దారంతా తనే మూతలెత్తించి పట్టుకొచ్చింది.

ఒక్కో పట్టీ ముంచింది. లేత ఆకుపచ్చ. ఆకుపచ్చ. మూడోది దాదాపు నల్లబడేంత పచ్చ. నాలుగో పట్టీ మాత్రం పెట్టెలోంచి తీసినప్పుడు ఎంత పసుపుగా ఉందో అంతే పసుపుగా ఉంది.

మొగుడు మిషన్లు ఆపి వచ్చి నిలబడ్డాడు. పట్టీల వంక చూశాడు. ఏమిటవని అడగలేదు. అడగకపోవడంతోనే ఆమెకి సగం తెలిసిపోయింది.

"ఎంత పోస్తున్నారు?"

"రోజుకో డ్రమ్ము. తెల్లవారుజామున."

"దుప్పట్లు ఉతికిన నీళ్ళు కాదా?"

"కాదు. నీళ్ళు కలపని మందే. కాలవలోకి." అతను తడి చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. "ఆసుపత్రి బట్టలు మొదలైన రోజు అమ్మ చెప్పింది. మన ఇంటి కాలవలోంచి ఒక్క క్రిమి కూడా ఊళ్ళోకి పోకూడదంది. పోసే పని నాది."

పదిహేను రోజులు. ఊరికి రోగం రాకూడదని.

"నేను రోజూ రాత్రి చెప్తూనే ఉన్నాను కదా మీకు, తొట్టి చచ్చిపోతోందని. నురుగొస్తోందని. మీరు వింటూనే ఉన్నారు."

"విన్నాను."

"ఎప్పుడూ అనుమానం రాలేదా?"

అతను వంగి, నీళ్ళు కారుతున్న మిషను గొట్టం బిగించాడు.

"మొన్న వచ్చింది," అన్నాడు.

"మొన్నా?"

"నురుగు అన్నావు చూడు, అప్పుడు."

"మరి నిన్న పోశారా?"

"పోశాను."

"ఇవాళ?"

అతను తన గోళ్ళ వంక చూసుకున్నాడు.

ఆమెకి కోపం రావాల్సిన చోట కోపం రాలేదు. ఎనిమిదేళ్ళు పక్కన పడుకున్న మనిషి, తల్లితో ఒక్క మాట 'వద్దు' అనడానికి బదులు, పెళ్ళాం మీద పడ్డ నిందని మూడు రోజులు చూస్తూ నిలబడ్డాడు. పొద్దున డబ్బా తుడిచి ఇచ్చాడు. అదే అతను చెప్పగలిగిన క్షమాపణ కాబోలు.

"నేను బోర్డుకి రాయాలి. రాయకపోతే ముసలాయన నెత్తిన పడుతుంది. రాస్తే ఈ షెడ్డుకి తాళం పడుతుంది."

"అమ్మతో చెప్పు. నా వల్ల కాదు."

"చెప్పనక్కర్లేదు. విన్నాను," అంది గుమ్మంలోంచి అత్తగారి గొంతు.

ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చినట్టుంది. చేతిలో తాళాల గుత్తి. మొహంలో ఏమీ లేదు. బుజ్జిని సాయంత్రం పంపించేస్తున్నారని మొదట చెప్పింది. ఆ తర్వాత పట్టీల దగ్గరకొచ్చి, ఒక్కటి కూడా ముట్టుకోకుండా, మందు క్రిముల్ని చంపుతుందని అంది. చంపడానికే ఉందంది. మందు పోస్తే రోగం వచ్చిందంటే నవ్విపోతారంది.

"అన్నీ క్రిములే అత్తయ్యా. కానీ అన్నీ ఒకటి కాదు."

"క్రిముల్లో మంచివీ చెడ్డవీ ఏమిటే? దొంగల్లో దొరబాబులుంటారా?"

"నేను చెప్తే మీరు నమ్మరు. ఎనిమిదేళ్ళుగా మీ గుమ్మంలో మీరు ముంచమన్న బకెట్టులో చేతులు ముంచుతున్నాను. ఒక్కసారంటే ఒక్కసారి నేను పని చేసే చోటికి రండి."

అత్తగారు ఆమె చేతుల వంక చూసింది. మందుకి తోలు లేచి, వేళ్ళ సందుల్లో పగిలిన చేతులు. ఇన్నేళ్ళలో వాటిని అలా చూడటం అదే మొదలేమో.

"సరే. పది నిమిషాలాగు. మొహం కడుక్కుని వస్తాను," అంది.

పది నిమిషాలు కాదు, పదిహేనయింది. వచ్చేసరికి మొహం పొడిగానే ఉంది. ఆ సంగతి చిన్నకోడలికి తర్వాత గుర్తొచ్చింది.

• • •

ల్యాబు కిటికీలో వెడల్పు మూతి గాజు సీసా ఒకటి ఉంది. అక్వేరియంకి పెట్టే బుల్లి గాలి పంపు అందులో బుడగలు వదులుతోంది. తొట్టి బాగున్న రోజుల్లో తీసిపెట్టిన బురద అది. రోజూ చిటికెడు పాలపొడి వేసి ల్యాబమ్మ పెంచుతోంది. 'నీ సవతి పిల్లలు' అని మొగుడు ఏడిపించేవాడు.

బయట ట్యాంకరు తన పని ముగించుకుని గొట్టం చుట్టుకుంటోంది. పక్క ఊరి తోడు పెద్ద తొట్టిలో కలవడం మొదలై గంటన్నర దాటింది.

ఆమె సీసాలోంచి ఒక చుక్క తీసి పలక మీద వేసి, కుర్చీ జరిపింది. అత్తగారు కళ్ళజోడు తీసి, పెట్టుకుని, మళ్ళీ తీసి వంగింది. కాసేపు ఏమీ కనపడటం లేదని గొణిగింది. ఆ తర్వాత గొణగడం ఆగిపోయింది.

"ఇవేమిటే? పువ్వుల్లా ఉన్నాయి."

"గంటలంటాం. బల్ల మీద మెల్లగా తట్టండి."

తట్టింది. గంటలన్నీ ఒక్కసారి కాడలు చుట్టుకుని ముడుచుకుపోయాయి. ఒక క్షణం. మళ్ళీ ఒక్కొక్కటీ జాగ్రత్తగా, దుప్పటి తీసి చూసే పిల్లల్లా సాగాయి. ముసలావిడ మూతి మీద సన్నటి నవ్వు కదిలింది. మళ్ళీ తట్టింది. మూడోసారి కూడా.

"ఏం తింటాయి?"

"మన బుజ్జిని పడేసిన వాటిలాంటి క్రిముల్ని. ఒక్కోటీ గంటసేపట్లో వేలు మింగుతుంది. ఇవి తిన్నన్ని తినగా మిగిలినవే చివరి దీపాల దాకా పోతాయి. ఇవి లేకపోతే అన్నీ పోతాయి, ఏట్లోకి, స్కూలు రేవుకి."

ఇంటి నుంచి తెచ్చిన సీసాలోంచి నీలం నీళ్ళు సూది మొనంత తీసి, పలక అంచున పెట్టింది.

అత్తగారు చూస్తూనే ఉంది. మొదట దగ్గరలోని గంట ముడుచుకుంది. ఇంకోటి. వెంట్రుకల ఆట ఆగింది. ఒక గంట కాడ తెంపుకుని, ఎటు పోవాలో తెలియనట్టు గుండ్రంగా తిరిగి తిరిగి నిలిచిపోయింది. ముసలావిడ బల్ల మీద తట్టింది. గట్టిగా తట్టింది. ఏదీ మళ్ళీ సాగలేదు.

"నా పిల్ల పోయిన రోజు మా వాడలో కాలవలన్నీ బూడిదరంగులో ఉండేవి," అంది వంగుని ఉండగానే. "అప్పుడు ఇలాంటి తొట్టి లేదు మాకు."

చిన్నకోడలు ఆ గాజుపలక తీసి పక్కన పెట్టింది.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని గోడ గడియారం వంక చూసింది. నాలుగుకి పది నిమిషాలు తక్కువ. ఆవిడ పెదవులు ఏదో లెక్క వేస్తున్నట్టు కదిలాయి.

"అమ్మాయ్. మన ఇంటి దగ్గర కాలవలో పోసింది ఇక్కడికి రావడానికి ఎంతసేపు పడుతుంది?"

ఎనిమిదేళ్ళలో ఆవిడ ఆమెని అమ్మాయ్ అనడం అదే మొదటిసారి. ఆ సంతోషం ఆమెకి దక్కలేదు.

"ముప్పావుగంట. ఎందుకు?"

"నువ్వు ఇక పోయనివ్వవని తెలుసు. పిల్ల ఇంటికొస్తోంది కదా, ఉన్న క్రిములన్నీ ఒక్కసారే చావాలని..." ఆవిడ తాళాల గుత్తిని గట్టిగా పట్టుకుంది. "మొహం కడుక్కోలేదు నేను. ఏడు డ్రమ్ములకీ కుళాయిలు తిప్పి వచ్చాను."

ఆమె వెంటనే ఫోను చేస్తే, మొగుడు షెడ్డు వెనక్కి పరుగెత్తిన అడుగుల చప్పుడు అందులో వినిపించింది. తిరిగొచ్చి చెప్పాడు. రెండు కుళాయిలు కట్టగలిగాడు. అయిదు ఖాళీ.

• • •

గేటు దగ్గర బురద డాక్టరు కథంతా విని, తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని... సరే, ఇప్పుడు అనుకుని ఏం లాభం? పది నిమిషాలుంది. మూడే దారులమ్మాయ్. వదిలేస్తే తొట్టిలోకొస్తుంది. మధ్యాహ్నం వేసిన తోడు సాయంత్రానికి గోవిందా. మళ్ళీ ఇచ్చేవాడు లేడు."

"రెండోది?"

"పక్క కాలవ తెరిస్తే తిన్నగా ఏట్లోకి. సూపర్వైజరు గారిని అడిగితే అదే అంటాడు. పీడా పోతుంది, తొట్టి బతుకుతుంది. రేవు సంగతి నీకు నేను చెప్పాలా?"

చెప్పనక్కర్లేదు. స్కూలుకి సెలవు. ఇంత ఎండలో రేవులో ఎంతమంది ఉంటారో ఆమెకి తెలుసు.

"మూడోది గేటు మూసెయ్యడం. ట్యాంకరు ఇంకా పోలేదు, ఖాళీగానే ఉంది. దాన్ని మీ ఇంటి కింది మ్యాన్‌హోల్ దగ్గరికి పంపి నీలమంతా పీల్పించొచ్చు. రెండు గంటల పని. కానీ అందాకా ఊరి మురుగు ఆగదు కదా. వెనక్కి తంతుంది. ఈ లైన్లో అన్నిటికన్నా పల్లంలో ఉన్న ఇల్లు ఎవరిదో తెలుసా?"

"తెలుసు బాబాయ్. మాదే."

ముప్ఫై ఏళ్ళుగా గుమ్మంలో బకెట్టు పెట్టి, మురికి అడుగు లోపల పడకుండా కాపలా కాసిన ఇల్లు. స్నానాలగది గచ్చులోంచి, వంటింటి తూములోంచి, ఊరి మురుగంతా నడిచి లోపలికి వస్తుంది.

ఆమె అత్తగారి వంక తిరిగింది. ముసలావిడ తొట్టి వంక చూస్తోంది. అక్కడ నురుగు చీల్చుకుని, కొత్తగా పోసిన బురద గోధుమరంగులో మెల్లగా కలుస్తోంది. ఆవిడ వేలు ఇనుప కంచె మీద ఒకసారి తట్టింది. ఇందాక బల్ల మీద తట్టినట్టే.

"మూయించు," అంది.

బురద డాక్టరు చక్రం మీద రెండు చేతులూ వేశాడు. ఇనుము కీచుమంది. ముప్ఫై చుట్లు. ఇరవై దాటేసరికి ఆయన ఆయాసపడుతుంటే ఆమె కూడా చెయ్యి వేసింది. ఆఖరి చుట్టుకి మూడో జత చేతులు వచ్చి కలిశాయి. తాళాల గుత్తి గలగలమంది.

నీటి హోరు ఆగిపోయింది.

"రిపోర్టులో ఏం రాయమంటావు?" అన్నాడు ముసలాయన.

"మా ఇంటి మందు అని రాస్తాను. మీ పంపు సంగతి ఒక్క ముక్క ఉండదు."

అత్తగారు విన్నది. ట్యాంకరు డ్రైవరుకి ఇంటి దారి తనే చెప్పి పంపింది. ఇంట్లో సామాను పైకి ఎత్తమని కొడుక్కి చెప్పాలి, ముందు వీధి తలుపు తీసి పెట్టమనాలి అని ఒక్కొక్కటీ అనుకుంటూ చెట్టు నీడన కూర్చుంది.

అరగంట గడిచిందేమో. చిన్నకోడలి ఫోను మోగింది. తెర మీద తోటికోడలు. ఈ మూడు రోజుల్లో ఆమె ఫోను చేయడం ఇదే మొదటిసారి.

గొంతులో పొద్దుటి కారం లేదు. పిల్లని ముందే పంపించేశారట. ఆటోలోంచి ఇప్పుడే దిగారట. అత్తయ్య ఫోను ఇంట్లోనే మోగుతోంది, మరిదేమో వీధి చివర ట్యాంకరు దగ్గర ఎవరితోనో అరుస్తున్నాడు, ఏమిటి సంగతని అడిగింది. ఆ తర్వాత కాస్త ఆగి, "బుజ్జి నిన్నే అడుగుతోంది. పొద్దున నేను..." అంటూ మాట మింగేసింది.

"అక్కా, ఇప్పుడు ఎక్కడున్నారు మీరు?"

"లోపలే. పిల్లకి కాళ్ళు కడుగుదామని స్నానాలగదిలో దించాను. ఇదేమిటో తూము గుడగుడమంటోంది."

అటు మాట విన్న అత్తగారు లేచి వచ్చి, "నేను, అత్తయ్యని," అంటూ ఫోను లాక్కుంది. పిల్లని ఎత్తుకో, కింద దించకు, బయటికి నడువు అని చెప్పడానికి నోరు తెరిచింది.

అప్పటికే అవతల ఫోను చేతులు మారింది. నీరసంగా, అయినా ఏదో వింత చూసిన సంబరంతో, బుజ్జి గొంతు వినిపించింది.

"నాన్నమ్మా, మన గచ్చులోంచి నీలం నీళ్ళు వస్తున్నాయి. నీ బకెట్టులో నీళ్ళే. చేతులు ముంచి లెక్కపెట్టనా?"